వేగిస చెక్క గ్లాసు, డాకింగ్ స్కోరు: కొన్ని అపోహలు – వాస్తవాలు

బద్వేలు పక్కనే లంకమల అడవి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ కొండల్లో, చుట్టుపక్కల కొండల్లోనే. దాని దగ్గరి చుట్టం వేగిస. రాత్రి వేగిస చెక్క గ్లాసులో నీళ్లు పోసిపెట్టి పొద్దున్నే తాగితే షుగరు తగ్గుతుందని నమ్మేవాళ్లు మనలో చాలామంది. ఈ రెండు చెట్ల చేవలోనూ టెరోస్టిల్బీన్ అనే అణువు ఉంది. వాటి ప్రజాతి పేరు టెరోకార్పస్. అణువు పేరూ అందులోంచి పుట్టిందే. ఇలాంటి అణువు శరీరంలో ఏ ప్రోటీనుకు అతుక్కోగలదో కంప్యూటరు మీద అంచనా కట్టడాన్ని డాకింగ్ అంటారు. అతుక్కునే బలానికి కంప్యూటరు వేసే అంకె స్కోరు; ఎంత మైనస్ అయితే అంత బలమని లెక్క. దీన్ని బీఎస్సీలోనే నేర్పాలని నా గట్టి నమ్మకం. అడ్డుపడుతున్నది డబ్బు కన్నా ఎక్కువగా అపోహలే.

అపోహ: అది హైదరాబాదు ల్యాబుల్లో జరిగే పని. బీజెడ్‌సీ చదివే మన పిల్లలకు అందేది కాదు.

వాస్తవం: ప్రోటీన్ డేటా బ్యాంకు 1971లో ఏడు నిర్మాణాలతో మొదలైంది. ఇప్పుడు రెండు లక్షలు దాటింది, అంతా ఉచితం. పబ్‌కెమ్‌లో పది కోట్లకు పైగా అణువులున్నాయి. మన ఔషధ మొక్కల రసాయనాలను చెన్నైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్ పరిశోధకులు ఇంపాట్ పేరుతో ఒకచోట చేర్చారు. ఆటోడాక్ వైనా అనే సాఫ్ట్‌వేరుకు పైసా కట్టక్కర్లేదు. మామూలు ల్యాప్‌టాప్‌లో చిన్న అణువు పని నిమిషాల్లో అయిపోతుంది. ప్రోగ్రామింగ్ రాకపోయినా మొదలుపెట్టవచ్చు. కెమిస్ట్రీ రాకపోతే మాత్రం కుదరదు.

అపోహ: స్కోరు ఎంత మైనస్‌లోకి వెళితే మందు అంత గొప్పది.

వాస్తవం: ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. ఒక అణువుకు మైనస్ 7.1, ఇంకోదానికి మైనస్ 8.2 కిలోక్యాలరీలు వస్తే రెండోదే మేలని పిల్లలు రాసేస్తారు. 2010లో వైనాను ప్రకటించిన వ్యాసమే తన అంచనాల్లో పొరపాటు మోలుకు సుమారు 2.85 కిలోక్యాలరీలని చెప్పుకుంది. గది ఉష్ణోగ్రత దగ్గర 1.4 కిలోక్యాలరీల తేడా వస్తే అతుక్కునే బలం పదిరెట్లు మారుతుంది. ఆ లెక్కన అంచనా వందరెట్లు అటో ఇటో పోవచ్చు. పైగా అణువు పెద్దదయ్యే కొద్దీ స్కోరు దానంతటదే మెరుగుపడినట్టు కనిపిస్తుంది.

అందుకే మొదటి పాఠంలో కొత్త మందు వెతికించకూడదు. తెలిసిన జవాబును తిరిగి రాబట్టించాలి. నేనైతే మెథోట్రెక్సేట్‌తో మొదలుపెడతాను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం 1940లలో తయారుచేసిన మందు అది. ఆయన చేతిలో ఇలాంటి కంప్యూటరు లేదు. ఆ మందు పట్టుకునే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ ఎంజైము ఆకారం అప్పటికి ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆ రెండూ కలిసి ఉన్న నిర్మాణం డేటా బ్యాంకులో 4డీఎఫ్‌ఆర్ పేరుతో ఉంది. విద్యార్థి అందులోంచి మందును బయటికి తీసి, మళ్లీ డాకింగ్ చేసి, అది పాత చోటికి రెండు ఆంగ్‌స్ట్రాంల తేడాలోపు చేరిందో లేదో చూడాలి. చేరకపోతే ముందు తన పద్ధతినే అనుమానించాలి.

ఇందులో ఇంకో విశేషముంది. మెథోట్రెక్సేట్ చూడటానికి ఫోలిక్ ఆమ్లానికి తోబుట్టువులా ఉంటుంది. అయినా ఎంజైములో దాని టెరిడిన్ వలయం ఫోలేట్ వలయానికి తిరగబడి కూర్చుంటుంది. తాళం, తాళంచెవి పోలిక చెప్పి వదిలేస్తే పిల్లలకు ఇది తట్టదు.

అపోహ: డాకింగ్‌లో కుదిరిందంటే మందు దొరికినట్టే.

వాస్తవం: 2020లో కరోనా వైరస్ ప్రధాన ప్రోటియేజ్ నిర్మాణం 6ఎల్‌యూ7 రాగానే మన మొక్కల అణువులను దాంట్లో కూర్చోబెట్టిన వ్యాసాలు కుప్పలుగా వచ్చాయి. అదే ప్రోటీనును అడ్డుకునే నిర్మాట్రెల్విర్ నిజంగానే మందైంది. కానీ అణువును తయారుచేసి, గాజు పాత్రల్లో, జంతువుల్లో, చివరికి మనుషుల్లో పరీక్షించాకే. మెథోట్రెక్సేట్‌నే మళ్లీ చూడండి. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కసారే ఇస్తారు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ సంగతి డాకింగ్ తెర మీద ఎక్కడా కనిపించదు.

అపోహ: ఏఐ వచ్చేసింది, ఇక నేర్చుకునేదేముంది?

వాస్తవం: ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ దాదాపు ఇరవై కోట్ల ప్రోటీన్ల ఆకారాలను ఊహించింది. 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో దానికీ వాటా దక్కింది. ఆ విద్య అది నేర్చుకున్నది డేటా బ్యాంకులో దశాబ్దాల పాటు మనుషులు పోగుచేసిన నిర్మాణాల నుంచే. ఊహించిన ఆకారంలో మందు కూర్చునే గుంట మూసుకుపోయి ఉండవచ్చు. అది గుర్తుపట్టడానికి చదువుకున్న కన్ను కావాలి.

అపోహ: చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదు.

వాస్తవం: టెరోస్టిల్బీన్ అణుభారం 256. 1997లో లిపిన్‌స్కీ అనే శాస్త్రవేత్త మాత్రగా మింగే మందుల అణుభారానికి గీసిన 500 హద్దుకు బాగా లోపలే. మాత్రగా మింగితే ఒంటికి పట్టే అవకాశం ఉందని మాత్రమే దాని అర్థం. షుగరు తగ్గుతుందని గానీ, హాని లేదని గానీ కాదు. వేగిస నీళ్లు తాగుతున్నాను కదా అని తాత మాత్రలు మానేస్తే, ఈ తేడాను ఆయనకు ఇంటి భాషలో విడమరచి చెప్పగలిగేది బీఎస్సీ చదివే మనవరాలే.

ఆ అమ్మాయి రికార్డు పుస్తకంలో టెరోస్టిల్బీన్ స్కోరు పక్కన, అదే ప్రోటీను మీద పనిచేయవని తెలిసిన పది అణువుల స్కోర్లు కూడా ఉండాలి. అవీ దాదాపు అంతే వస్తే అలాగే రాయాలి. అందుకు అధ్యాపకులు పూర్తి మార్కులు వేయాలి.