రసాల కాలంలో గుండెల్లో మంట

ఏలూరు జిల్లాలోని నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల తోటల్లో మామిడి కోతలు సాగే వేసవి నెలల్లో, కొత్త ఆవకాయ జాడీలకెక్కి, చిన్నరసాలు, పెద్దరసాలు గంపలతో ఇళ్లకు చేరే వేళ, రాత్రి పొద్దుపోయాక గుండెల్లో మంట, పులితేన్పులు మొదలయ్యాయంటే నింద వెంటనే మామిడి మీదికే పోతుంది. ఆ నింద సగం మాత్రమే న్యాయమైనది.

జీర్ణాశయంలో ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ముందు పండిన రసంలోని పులుపు లెక్కలోకి రాదు. ఆ ఆమ్లాన్ని తట్టుకునే జిగురుపొర కడుపుకు ఉంటుంది గాని ఆహారనాళానికి అంతటి రక్షణ లేదు. రెండూ కలిసేచోట ఉండే కండర వలయం మింగినప్పుడు తెరుచుకుని వెంటనే బిగుసుకోవాలి. ఆ పట్టు సడలినా, కడుపు బిర్రుగా నిండి వలయం వేళకాని వేళ తెరుచుకున్నా ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. దీనినే వైద్యులు యాసిడ్ రిఫ్లక్స్ అంటారు. అది తరచూ బాధిస్తున్నా, నాళాన్ని పుండు చేసినా జెర్డ్ అని వ్యవహరిస్తారు.

రాత్రి పప్పు, నెయ్యి, ఆవకాయతో కడుపునిండా తిని, పెరుగన్నంలో రసం పిండుకుని, ఆపైన మరో రెండు పండ్లు జుర్రుకుని డాబా మీద మంచమెక్కడంలోనే అసలు చిక్కు ఉంది. నెయ్యిలోని, నూనెలోని కొవ్వు వల్ల కడుపు త్వరగా ఖాళీ కాదు, నడుం వాల్చగానే ఆమ్లాన్ని కిందికి దించే గురుత్వాకర్షణ సాయమూ పోతుంది. మిరపకారం అప్పటికే ఒరుసుకుపోయిన నాళాన్ని మరింత మండిస్తుంది. కాబట్టి పండు మానడం కన్నా దానిని పగటిపూటకు మార్చడం, రాత్రి భోజనానికీ నిద్రకూ మధ్య రెండు మూడు గంటలు ఎడం ఉంచడం మేలు. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తు చేయడం, ఎడమవైపు ఒత్తిగిలి పడుకోవడం ఉపకరిస్తాయి. దిండ్లు పేర్చుకుంటే మాత్రం నడుము వంగి పొట్టపై ఒత్తిడి పెరుగుతుంది. అధిక బరువు తగ్గించుకోవడం, పొగాకు, మద్యం మానడం వీటన్నిటికన్నా ముఖ్యం.

జెలూసిల్ వంటివి ఊరిన ఆమ్లాన్ని కాసేపు చల్లార్చుతాయి. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ ఆమ్లం ఊరడాన్నే తగ్గిస్తాయి. వీటిని భోజనానికి అరగంట ముందు, సాధారణంగా 4 నుంచి 8 వారాలు, వైద్యుని సలహాపై వాడాలి తప్ప గ్యాస్ మాత్ర పేరుతో ఏళ్ల తరబడి కొనుక్కుని మింగడం తగదు. ఆమ్లం తగ్గించేందుకు ఒకప్పుడు ఇంటింటా కనిపించిన రానిటిడిన్‌ను 2022లో భారత ప్రభుత్వం అత్యవసర మందుల జాతీయ జాబితా నుంచి తొలగించింది.

పసిపిల్లల సంగతి వేరు. వారిలో కండర వలయం ఇంకా గట్టిపడి ఉండదు, ఆహారమంతా పాలే, ఎక్కువసేపు పడుకునే ఉంటారు. అందుకే పాలు కక్కడం నాలుగో నెల ప్రాంతంలో హెచ్చి, ఏడాది, ఏడాదిన్నర నాటికి చాలామందిలో దానంతటదే ఆగిపోతుంది. హుషారుగా ఉండి బరువు పెరిగే బిడ్డకు ఆమ్లం తగ్గించే మందు అనవసరం. కొద్దికొద్దిగా పాలిచ్చి, త్రేన్పు తెప్పించి, ఇరవై, ముప్పై నిమిషాలు భుజాన నిలువుగా ఎత్తుకుంటే చాలు. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలానే పడుకోబెట్టాలి. పచ్చని వాంతి, నెత్తురు, దూరంగా చిమ్మే వాంతులు, బరువు పెరగకపోవడం కనిపిస్తే పిల్లల వైద్యుని దగ్గరికి ఆలస్యం చేయకుండా వెళ్లాలి.

పెద్దలలో మింగుడు పడకపోవడం, కారణం లేకుండా చిక్కిపోవడం, నల్లని విరేచనం ఉంటే ఎండోస్కోపీ అవసరమవుతుంది. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకుతూ చెమటలు పోస్తే అది గుండెపోటు కావచ్చు. అప్పుడు గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.