వాత పడ్డ చోట కత్తి పెట్టకు

సికింద్రాబాద్‌లో మా వర్క్‌షాపుకు వచ్చేవాళ్ళు బూటు చేతిలోకి తీసుకోగానే అడిగేది ఒకటే. "మాస్టారూ, ఇది ఒరిజినల్ లెదరేనా?" కొందరైతే జేబులోంచి లైటర్ తీస్తారు. కాలిస్తే రెక్సిన్ కరుగుతుంది, తోలు కరగదు అని ఎవరో వీడియోలో చెప్పారట. మంచి తోలు మీద కూడా రంగు, మెరుపు పూత ఉంటాయి. మంట తగిలితే ముందు మాడేది అవే. ఆ పరీక్షతో తేలేదేమీ లేదు, బూటు మాత్రం పాడవుతుంది.

అసలు అడగవలసింది తోలా కాదా అని కాదు, పశువు ఒంట్లో ఏ చోటి తోలు అని. ఒకే ఆవు తోలులోంచి ఏళ్ళ తరబడి మన్నే బూటూ తీయవచ్చు, ఆరు నెలలకే ముడతలు లేచి ఉబ్బిపోయే బూటూ తీయవచ్చు. కంపెనీ పేరు, లేబులు మీది అక్షరాలు అన్నీ ఆ తర్వాతి సంగతి.

తోలును బల్ల మీద పరిస్తే వెన్నెముక గీత నడిమధ్యన కనిపిస్తుంది. దానికి రెండు పక్కలా, తోక మొదలు నుంచి భుజాల దాకా ఉన్నది వీపు భాగం. అక్కడ పోగులు దట్టంగా పెనవేసుకుని ఉంటాయి. మెడ మందమే కానీ మడతలెక్కువ. పొట్ట, చంకలు వదులు. వదులుగా ఉండక తప్పదు మరి, మేత మేస్తే ఉబ్బాలి, సూడి మోయాలి. తెలుసుకోవడం తేలికే. నున్నటి వైపు లోపలికి పోయేలా తోలును మడిచి చూడండి. సన్నటి గీతలు పడి, వదలగానే మాయమైతే అది వీపు. లావుపాటి ముడతలు లేచి అలాగే నిలబడితే పొట్ట. దుకాణంలో బూటును మడవనివ్వరు కాబట్టి, వేళ్ళ దగ్గర వంగే చోట బొటనవేలితో గట్టిగా నొక్కి చూస్తే చాలు.

మన పశువు తోలు మీద దాని జాతకమంతా రాసి ఉంటుంది. ఎద్దు మెడ మీద కాడి రాసుకుని గట్టిపడ్డ చోట రంగు సమంగా పట్టదు. పిరుదుల మీద ములుగర్ర పోట్లు, పక్కల మీద ముళ్ళకంచె గీతలు, గోమార్లు, పిడుదులు పట్టిన చోట సన్నటి గుంటలు. అన్నిటికంటే ఎక్కువ నష్టం వాతలది. గొడ్డుకు కాలు పట్టేసినా, ఏదైనా జబ్బు చేసినా కడ్డీ కాల్చి వాత పెట్టే అలవాటు మన పల్లెల్లో ఉండేది. ఆ వాతలు పడేది ఎక్కువగా వీపు, పిరుదుల మీదే, అంటే తోలులో అన్నిటికన్నా విలువైన చోట. కాలిన చోట పోగులు కలిసిపోయి కరడు కడతాయి. పూత కింద అది కనబడదు. వేసుకుని తిరిగిన కొన్నాళ్ళకు సరిగ్గా అక్కడే పగులుతుంది. మాంసం కోసం లేత వయసులోనే కోసే దేశాల పశువుల తోళ్ళు ఇంతకంటే శుభ్రంగా ఉంటాయి. మన దగ్గర పశువు ముందు చాకిరీ చేస్తుంది, దాని తోలు మా చేతికి వచ్చేది తర్వాతే.

తమిళనాడు రాణిపేటలో నాకు కోత నేర్పిన మేస్త్రీ చాలా రోజులు చేతికి కత్తే ఇవ్వలేదు. తోలును కిటికీ వెలుతురుకు తిప్పి, కింద నుంచి పిడికిలితో పైకి పొడిచి చూడమనేవాడు. అలా ఉబ్బించినప్పుడే మానిపోయిన పాత గీత కూడా బయటపడుతుంది. కనిపించిన ప్రతి మచ్చ చుట్టూ వెండి రంగు పెన్సిలుతో గీత గీయాలి. "వాత పడ్డ చోట కత్తి పెట్టకు తంబీ" అని అరవం కలిసిన తెలుగులో హెచ్చరించేవాడు. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు నేనూ ఆ మాటే చెబుతున్నాను, తంబీ ఒక్కటి తీసేసి.

కోతలో ఒక వరస ఉంది. బూటు ముందు భాగాన్ని వ్యాంప్ అంటాం, నడిచేటప్పుడు వంగేది అదే. దాన్ని వీపు భాగంలోంచి మొదట తీయాలి. తర్వాత పక్క ముక్కలు. నాలుక, లోపలి పట్టీలు పొట్టలోంచి తీసినా నష్టం లేదు. ముక్క ఏ దిక్కుకు పెట్టామన్నది ఇంకో లెక్క. వీపు దగ్గర తోలు వెన్నెముక పొడవునా తక్కువ సాగుతుంది, అడ్డంగా ఎక్కువ సాగుతుంది. వ్యాంప్ పొడవు వెన్నెముక వెంట పడితే బూటు నిలకడగా ఉంటుంది, అడ్డంగా పడితే రోజులు గడిచే కొద్దీ పొడవు సాగి మడమ జారుతుంది. ఎడమ కాలి ముక్క ఒక దిక్కుకు, కుడి కాలిది ఇంకో దిక్కుకు కోస్తే జతలో ఒకటి వదులు, ఒకటి బిగువు. అలాంటి జత కొన్నవాళ్ళు తమ పాదాలే సమంగా లేవనుకుని ఊరుకుంటారు.

మగవాళ్ళ మామూలు బూట్ల జతకు పై తోలు రెండు నుంచి రెండున్నర చదరపు అడుగులు పడుతుంది. పై తోలును చదరపు అడుగుల లెక్కన, అడుగుకు వేసే అట్ట తోలును కిలోల లెక్కన కొంటాం. బూటు ఖర్చులో పెద్ద వాటా తోలుదే కాబట్టి, మచ్చను తప్పిస్తే తోలు దండగ, తప్పించకపోతే బూటు దండగ. ఇప్పుడు పెద్ద ఫ్యాక్టరీల్లో ఉక్కు డై పెట్టి ప్రెస్‌తో నొక్కితే ముక్క ఒక్క దెబ్బకు తెగి వస్తుంది. డై ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ప్రెస్‌కు తెలియదు.

ఫ్యాక్టరీ కత్తి కంటే ముందే నాకు తోలు కోసే రంపె తెలుసు. కరీంనగర్ దగ్గర మా ఊళ్ళో మా తాత తోళ్ళు ఊనే లంద నడిపేవాడు. చచ్చిన గొడ్డు తోలు తెచ్చి సున్నపు నీళ్ళ గోలెంలో నానేసి, వెంట్రుకలు రాల్చి, లోపలి కండ గీకి, తంగేడు చెక్క దంచి వేసిన నీళ్ళలో ఊరబెట్టేవాడు. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ, మూడింటిలోనూ టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. అది తోలు పోగులను పట్టుకుని కుళ్ళకుండా కాపాడుతుంది. బర్రె తోలు మందం కాబట్టి ఆ వగరు లోపలి దాకా దిగడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పట్టేది. బతుకమ్మ పండుగకు తంగేడు పువ్వు కోసం ఊరు ఊరంతా గట్లు పట్టుకుని తిరిగేది. అదే చెట్టు చెక్క మా వాడలో నానుతుంటే ముక్కు మూసుకుని పక్కదారిన పోయేది. ఇదే తంగేడు చెక్కతో ఊనిన తోళ్ళు పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి లండన్‌కు ఓడల్లో పోయేవని చదువుకునే రోజుల్లో తెలిసి తాతకు చెబితే, "గంత దూరం పోయిందా మన వాసన" అని నవ్వాడు.

తాత పనిముట్లన్నీ ఒక గోనె సంచిలో పట్టేవి. రంపె, ఆరెలు, గూటం, మైనం ముద్ద, సానరాయి. రంపె వెడల్పాటి అలుగు, పదునంతా ముందు అంచుకే. దాన్ని తాత తన వైపు లాగేవాడు కాదు, ముందుకు తోసేవాడు. కోయడమే కాదు, తోలు అంచును ఏటవాలుగా గీసి పలచన చేయడం దాని అసలు పని. రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి వేసి కుట్టినప్పుడు అంచు పలచగా లేకపోతే అక్కడ బొడిపె లేచి కాలు ఒరుసుకుపోతుంది. కొత్త చెప్పు కరిచిందంటే చాలాసార్లు అది గీత సరిగ్గా పడని అంచే. ఇప్పుడు దీనికీ యంత్రం ఉంది, స్కైవింగ్ మిషన్ అంటాం.

ఆరెను చూసి చాలామంది సూది అనుకుంటారు. ఆరె దారం మోయదు, దారి చేస్తుంది. మొన గుండ్రంగా ఉన్న ఆరె పోగులను పక్కకు జరుపుతుంది, పలకలున్న ఆరె కోసుకుంటూ పోతుంది. పలక ఆరెతో పొడిచేటప్పుడు రంధ్రం ఏటవాలుగా పడాలి. వరసలో పెట్టి పొడిస్తే చీటీ చింపడానికి రంధ్రాలు కొట్టినట్టే, కుట్టు వెంట తోలు చిరుగుతుంది. మొన దగ్గర చిన్న కొక్కెం ఉన్న ఆరె ఇంకోటి ఉంటుంది, అది అవతలి వైపు నుంచి దారాన్ని లాక్కొస్తుంది. తాత ఒకే దారం రెండు కొసలకూ మైనం పట్టించి, ఒకే రంధ్రంలోంచి ఎదురెదురుగా దూర్చి బిగించేవాడు. అలాంటి కుట్టులో ఒక చోట దారం తెగినా మిగతాది ఊడిరాదు.

ఇక గూటం. అట్ట తోలును తడిపి, బండ మీద వేసి గూటంతో బాదేవాడు. వాడ దాటి వినబడేది ఆ చప్పుడు. బాదితే పోగులు అణిగి దగ్గరవుతాయి, అట్ట ఆలస్యంగా అరుగుతుంది. నడుస్తుంటే కిర్రుమనాలని అడిగే ఆసాములుండేవారు. వాళ్ళ చెప్పులకు అట్టల పొరలు ఒకదానికొకటి రాసుకునేలా వదిలేవాడు. వీటన్నిటికీ కూలి డబ్బుల్లో కాదు, కళ్ళం దగ్గర మేర గింజల్లో. చెప్పులు కుట్టినవాళ్ళు మాత్రం దొర గడి ముందు నుంచి పోయేటప్పుడు తమ చెప్పులు విడిచి చేత పట్టుకోవలసి వచ్చేది. తాత ఇది కోపంగా చెప్పేవాడు కాదు. కోపం నాకే.

చెన్నై గిండీలో శిక్షణకు చేరాకే నీలం తోలు చూశాను. అక్కడి కేంద్ర పాదరక్షల శిక్షణ సంస్థ 1957 నుంచి ఉంది. క్రోమియం లవణంతో ఊనిన తోలు నీలంగా వస్తుంది, వెట్ బ్లూ అంటారు. అమెరికాలో అగస్టస్ షుల్జ్ 1884లో పేటెంటు తీసుకున్నాక ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. లందలో నెలలు పట్టే పని డ్రమ్ములో ఒక రోజులో ముగుస్తుంది. ముక్క తుంచి మరిగే నీళ్ళలో వేస్తారు, ముడుచుకుపోకపోతే సరిగ్గా ఊనినట్టు. తంగేడు తోలు అదే నీళ్ళలో ముడుచుకుపోతుంది. అంతమాత్రాన తంగేడు తోలు తక్కువదేమీ కాదు. అది చెమట పీల్చుకుంటుంది, మెల్లగా పాదం ఆకారానికి వస్తుంది. లోపలి అట్టకు అదే మేలు, మెత్తగా వంగే పైభాగానికి క్రోమ్ మేలు. డ్రమ్ముల నీళ్ళు పాలార్ నదిని ఏం చేశాయో మాత్రం రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి చుట్టుపక్కల రైతులనడగాలి. పాడు చేసినవాళ్ళే ఆ ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది ఆ నది కేసులోనే.

ఏ జంతువు తోలు దేనికంటే, అట్టలకు బర్రె. పైభాగానికి ఆవు, దూడ, మామూలుగా 1.2 నుంచి 1.6 మిల్లీమీటర్ల మందం. మేక తోలు పలచనైనా పోగు గట్టిది, లైనింగుకు, ఆడవాళ్ళ చెప్పులకు బాగుంటుంది. గొర్రె తోలులో కొవ్వెక్కువ, పోగు వదులు. జాకెట్లకు, చేతి తొడుగులకు సరే కానీ బూటు పైభాగానికి నేను వాడను.

లేబుళ్ళ సంగతి. పైపొరను గీకకుండా ఉంచితే ఫుల్ గ్రెయిన్, మచ్చలు తక్కువున్న తోలుకే ఆ యోగం. మచ్చలుంటే పైపొరను గరుకు కాగితంతో రుద్ది, రంగు పూసి, యంత్రంతో తోలు గీతల అచ్చు కొడతారు. అది కరెక్టెడ్ గ్రెయిన్, మన నల్ల ఆఫీసు బూట్లు చాలావరకు అదే. మోసమేమీ లేదు, ధర దానికి తగ్గట్టు ఉంటే. మందపాటి తోలును అడ్డంగా రెండు పొరలుగా చీలిస్తే కింది పొర స్ప్లిట్. దానికి నూగు లేపితే స్వెడ్, పైపొరకే సన్నగా నూగు లేపితే న్యూబక్. స్ప్లిట్ మీద ప్లాస్టిక్ పొర అతికించి 'జెన్యూన్ లెదర్' ముద్ర కొట్టి అమ్ముతారు. అబద్ధం కాదు, సగం నిజం. తోలు పొట్టును జిగురుతో కలిపి షీటు చేస్తే బాండెడ్ లెదర్. దాన్ని నేను తోలు లెక్కలో వేయను.

కోసి కుట్టిన పైభాగాన్ని ఫర్మా మీదికి లాగడం అసలైన చేతి బలం. ఫర్మా అంటే పాదం ఆకారంలో ఉండే దిమ్మె, ఒకప్పుడు చెక్కది, ఇప్పుడు ప్లాస్టిక్‌ది. దీనికి వాడే పట్టకారు మూతికి కిందనే చిన్న సుత్తి కూడా ఉంటుంది. తోలు అంచును పట్టి లాగడం, అదే చేత్తో మేకు కొట్టడం. ముందు మొన, తర్వాత ఇటొకటి అటొకటి. సాగదీత ఒక పక్క ఎక్కువైతే వ్యాంప్ గీత వంకర తిరుగుతుంది. యంత్రాలకు అసాధ్యమనుకున్న ఈ పనికి 1883లో యంత్రం పేటెంటు చేసినవాడు యాన్ మాట్జెలిగర్. సురినామ్‌లో నల్లజాతి తల్లికి పుట్టి, అమెరికాలో బూట్ల ఊరైన లిన్‌కు పనికోసం వెళ్ళిన కార్మికుడు. నలభై ఏళ్ళయినా బతకలేదు.

మనం వాడే ఫర్మాలు ఇంకా ఇంగ్లండు కొలతవే. బార్లీ గింజ పొడవు, అంటే అంగుళంలో మూడో వంతు, సైజుకు సైజుకు తేడా. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా లక్ష మందికి పైగా పాదాలు కొలిపించింది. మన పాదాలు వెడల్పని తేలాక, 'భా' పేరుతో మన సైజులే ప్రతిపాదించారు. వెడల్పు చాలక ఒక సైజు పెద్దది కొనుక్కుని, ముందు ఖాళీగా వదిలేసి నడిచేవాళ్ళను నేను రోజూ చూస్తూనే ఉన్నాను. పెద్ద బూటు వంగే చోటూ వేళ్ళు వంగే చోటూ కలవవు, అప్పుడు ఎంత మంచి వీపు తోలైనా తప్పు చోట మడత పడుతుంది.

ఇంకొకటి. పెళ్ళికి కొని బీరువాలో దాచిన బూట్లు కొన్నేళ్ళకు తీస్తే అడుగు పొడిపొడిగా రాలుతుంది. అది పీయూ, అంటే పాలీయురేథేన్ సోలు. గాలిలోని తేమకే అది లోలోపల విరుగుతుంది, వాడకపోతే ఆగదు. దాన్ని బాగు చేయలేం, కొత్త సోలు వేయించాల్సిందే. జిగురుతో అతికించిన మామూలు రబ్బరు సోలు ఊడితే మాత్రం నా దగ్గరికి రానక్కర్లేదు, వీధి మూల కూర్చునే పెద్దాయన చాలు. సొల్యూషన్ పూసి ఊరుకోకుండా చుట్టూ కుట్టు వేయమనండి. కుట్టే ముందు సోలు మీద గాడి తీయమనండి, దారం అందులో కూర్చోవాలి. గాడి లేకపోతే దారం నేలకు రాసుకుని నెలకే తెగుతుంది. గాడికి ఆయన పదో ఇరవయ్యో ఎక్కువ అడుగుతాడు, బేరమాడకుండా ఇచ్చేయండి.