దెయ్యంలా మెరిసే గ్లాసు

మీకు తెలుసా? హాలోవీన్ పార్టీల్లో నీలంగా వెలిగే జిన్ అండ్ టానిక్‌లో రంగేమీ కలపరు. ఆ మెరుపంతా టానిక్ వాటర్‌లోని క్వినైన్‌ది. ఒకప్పుడు మలేరియాకు మందుగా పట్టించిన సింకోనా బెరడు చేదు అదే! గదిలో దీపాలార్పి అతినీలలోహిత బల్బు వేస్తే చాలు, కంటికి కనబడని ఆ కిరణాలను క్వినైన్ పీల్చుకుని నీలికాంతిగా వదులుతుంది. శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1845లోనే దీన్ని వర్ణించాడు. గ్లాసు అంచుకు ఉప్పు మాత్రం అద్దకండి. అది పానీయంలో కలిస్తే వెలుగు మందగిస్తుంది. జిన్ లేకపోయినా మెరుపు తగ్గదు, కాబట్టి మందు ముట్టనివారికీ లోటుండదు.

పొగల కోసం కొందరు డ్రై ఐస్ వేస్తారు. నాకైతే అంత సాహసం అక్కర్లేదనిపిస్తుంది. దాని చలి మైనస్ 78 డిగ్రీలు. ముక్క పూర్తిగా ఆవిరై మాయమయ్యేదాకా గుటక వేయకూడదు.