బాతుకు గుడ్డు దారి జారితే

రేపల్లె చుట్టూ కాలువలు, వరిచేలు. బాతులకు ఇంతకంటే ఏం కావాలి? కోతలయ్యాక మందలు చేలల్లో దిగుతాయి. రాలిన గింజలు, నత్తలు ఏరుకు తింటాయి. ఇంట్లో ఒకటో రెండో ముద్దుగా పెంచుకునే వాళ్ళూ ఉన్నారు.

మా కేంద్రంలో చదువుకునే ఒకామె ఒక సాయంత్రం పలకతోపాటు గంప తెచ్చింది. గంపలో బాతు. దాని తోక కింద ఎర్రటి కండ వేలాడుతోంది.

"పేగు బయటపడింది మాస్టారూ! కూర చేసుకుందామంటున్నాడు మా ఆయన. పిల్లేమో ఏడుస్తోంది" అంది.

నేను పశువుల డాక్టర్ని కాను. ఒక డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు చేశాం. అదే ఇక్కడ రాస్తున్నాను.

బాతుకు రెట్టకూ గుడ్డుకూ బయటి ద్వారం ఒక్కటే. గుడ్డు పెట్టేటప్పుడు లోపలి గొట్టం అంచు కొంచెం బయటికొచ్చి, వెంటనే లోపలికి పోతుంది. ఒక్కోసారి పోదు. గేదెకు మెయ్య దిగినట్టే ఇదీ. గుడ్డు మరీ పెద్దదైనా, బాతు బాగా కొవ్వు పట్టినా, ఒంట్లో సున్నం తగ్గినా ఇలా అవుతుంది. పోతులు ఎక్కువై ఒక్క పెట్ట వెంటే పడినా అవుతుంది.

ముందు దాన్ని మిగతా వాటినుంచి విడదీయండి. ఎర్రగా కనబడితే తోటి బాతులూ కోళ్ళూ పొడుస్తాయి. పొడిచి పొడిచి చంపేస్తాయి కూడా. కండ ఆరిపోకూడదు, మట్టి అంటకూడదు. అందుకే ఆలస్యం చేయొద్దు.

గోళ్ళు తీసుకుని, చేతులు సబ్బుతో కడుక్కోండి. కాచి గోరువెచ్చగా చల్లార్చిన అర లీటరు నీళ్ళలో ఒక చిన్న చెంచాడు ఉప్పు కలపండి. చెంచా తలకొట్టి ఉండాలి. బాతును తుండుగుడ్డలో చుట్టి ఒకరు పట్టుకోవాలి. పొట్ట నొక్కకూడదు. ఇంకొకరు ఆ నీళ్ళు పోస్తూ కండను కడగాలి. రుద్దొద్దు.

వాపు ఉంటే మెత్తగా దంచిన పంచదార దళసరిగా చల్లి పది, పదిహేను నిమిషాలు ఉంచండి. పంచదార వాపులోని నీటిని లాగేస్తుంది. కండ చిన్నదవుతుంది. నాకూ మొదట నమ్మకం కలగలేదు. కళ్ళారా చూశాక నమ్మాను. తర్వాత మళ్ళీ కడిగి, వేలికి వాజలైన్ రాసుకుని, కండను మెల్లగా లోపలికి నెట్టాలి. రెండు మూడు నిమిషాలు వేలితో అలాగే ఆపాలి.

లోపల గుడ్డు గట్టిగా తగిలితే నెట్టొద్దు. పగలగొట్టొద్దు. డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. కండ నల్లబడినా, చిరిగినా, మళ్ళీ మళ్ళీ జారినా అంతే. ఆయన కుట్టు వేస్తారు. సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు ఫోన్ చేయొచ్చు.

కొందరు పసుపు, సున్నం రాస్తారు. కొందరు దారం కట్టి కోసేస్తారు. అది పుండు కాదు, గుడ్డొచ్చే గొట్టం. కోస్తే బాతు చచ్చిపోతుంది.

పోతుబాతుకూ ఒక్కోసారి మెలితిరిగిన తాడులాంటిది వేలాడుతుంది. అది దాని మగ అవయవం. దాన్నీ కోయొద్దు. అలాగే కడిగి, తడిగా ఉంచి, డాక్టరుకు చూపించండి. తోకమీద ఈక ఉంగరం తిరిగి, గొంతు బొంగురుగా ఉంటే పోతు.

లోపలికి నెట్టాక అసలు పని గుడ్లు ఆపడం. గుడ్డొస్తే మళ్ళీ జారుతుంది. వెలుతురు తగ్గితే గుడ్లు తగ్గుతాయి. కొన్నాళ్ళు రోజుకు ఎనిమిది గంటలే వెలుతురు ఇచ్చి, మిగతా వేళ గాలి ఆడే చీకటి చోట ఉంచండి. ఎండాకాలం గంప కింద మూసేస్తే ఉడికిపోతుంది, జాగ్రత్త. కింద శుభ్రమైన గడ్డి రోజూ మార్చాలి. కాలువలో వదలొద్దు. ముక్కూ తలా మునిగేంత గిన్నెలో నీళ్ళు పెట్టండి. నీళ్ళు లేకుండా బాతుకు మేత దిగదు. ఆల్చిప్పల పొడి విడిగా ఒక చిప్పలో ఉంచితే కావలసినంత తింటుంది.

ఆ బాతుకు మర్నాడు మళ్ళీ జారింది. మళ్ళీ కడిగి నెట్టారు. పొద్దున్నే ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరుగారు కుట్టు వేశారు. కొన్నాళ్ళు చీకటి కొట్టంలోనే ఉంది. ఇప్పుడు కాలువలో తిరుగుతోంది. ఆ ఇంట్లో మూడు పోతులుండేవి. రెండింటిని అమ్మేశారు.