పాత మోటారుబండి రేడియేటరు: తుప్పు, దాని చికిత్స



ఇనుమునకు పట్టునది తుప్పు. రాగి యిత్తడులకు పట్టునది చిలుము. నీళ్లు కాచు డేగిసా అడుగున తెల్లగా గట్టిపడునది ఉప్పుపొర. ఈ మూటిని మన యిండ్లలోని స్త్రీలు వేర్వేరుగా నెఱుగుదురు, వేర్వేరు విధముల తోముదురు. పాత మోటారుబండిని బాగుచేయబూనిన మనము మాత్రము మూటిని కలిపి తుప్పు అనియే పిలిచి, మూటికిని ఒకే మందు పోయుదుము. నేనును అట్టి పొరపాటు చేసినవాడనే. కనుకనే నేడీ విషయమును మీతో ముచ్చటించుచున్నాను.

మా దేవరకొండ ప్రాంతమున ఒక వైద్యునికి 1966వ సంవత్సరపు అంబాసిడరు కారు ఉండెను. బస్సులు దొరకని రాత్రివేళ ప్రసవవేదన పడు స్త్రీలను, పాము కఱచినవారిని ఆ కారే నల్లగొండ ఆసుపత్రికి జేర్చెడిది. నా భార్యను రెండవ కాన్పునకు గొనిపోయినదియు నదియే. ఆనాడు దారిలో నీరు కాగి ఆవిరి చిమ్మగా, చేనిలోని బావినుండి నీరు తోడి పోసినవాడను నేను. ఆ తరువాతను పలుమారులు పోసితిని, పుణ్యమనుకొంటిని.

వైద్యులు గతించిన పిమ్మట ఆ కారు కొట్టములో ఇరువదేండ్లు కదలక నిలిచెను. ఒకనాడు ఆయన కుమారుడు నాతో, “పంతులుగారూ, రేడియేటరంతయు తుప్పుపట్టినదని మేస్త్రీ చెప్పినాడు. తూకమునకు అమ్మివేసెదను” అనెను. నాకు ఒక నెల గడువిమ్మని యడిగితిని.

రేడియేటరు పని యెట్టిదో ముందుగా తెలిసికొందము. యంత్రములో పెట్రోలు మండగా పుట్టిన వేడిలో కొంత భాగమును, యంత్రము చుట్టును తిరుగు నీరు గ్రహించును. ఆ నీరు రేడియేటరు పైతొట్టిలోనికి వచ్చి, సన్నని గొట్టముల గుండ క్రిందితొట్టికి దిగును. గొట్టములకు అంటియున్న పలుచని రేకుల నడుమ గాలి వీచి వేడిని హరించును. చల్లబడిన నీటిని పంపు మరల యంత్రములోనికి త్రోయును.

ఇచ్చట నొక విశేషము గలదు. పాత కార్ల రేడియేటరు గొట్టములు ఇత్తడివి, రేకులు రాగివి. అవి ఇనుమువలె తుప్పుపట్టవు. మరి లోపల కనబడు ఎఱ్ఱని బురద యెక్కడిది? అది పోతయినుముతో చేసిన యంత్రమునుండి వచ్చినది. మన ఆయుర్వేదమున లోహకిట్టమనియు మండూరమనియు చెప్పబడునది ఇనుపమలమే గదా! ఆ మలము నీటితో వచ్చి సన్నని గొట్టములలో చిక్కుకొనును. దానికి తోడు మన నల్లగొండ, పాలమూరు బావుల నీటిలో సున్నపు లవణములు మెండు. నీరు కాగినకొలది ఆ లవణములు గొట్టముల గోడలకు పొరగా అంటును. ఆ పొర వేడిని బయటికి పోనీయదు. ఆ కారు గొంతున అట్టి నీటిని పోసిన చేయి నాదేనని అప్పుడు తెలిసినది.

ఇక చికిత్స. యంత్రము వేడిగా నున్నప్పుడు మూత విప్పరాదు. లోపల ఒత్తిడి యుండుటచే నీరు నూఱు డిగ్రీలు దాటినను మరుగక యుండును. మూత విప్పిన తత్‌క్షణమే ఆవిరియై ముఖమున చిమ్మును. చల్లారిన పిదప క్రింది కొళాయి విప్పి నీటిని తెల్లని పాత్రలో పట్టి చూడవలెను. ఎఱ్ఱనైనచో యంత్రపు తుప్పు. తెల్లని పెచ్చులున్నచో ఉప్పుపొర. పైన చమురు తేలినచో లోపల మరియొక రోగమున్నదని గ్రహింపవలెను.

పిదప రేడియేటరును ఊడదీసి, తలక్రిందులుగా నిలిపి, క్రింది మార్గముననుండి నీరు పట్టి తేటనీరు వచ్చువరకు కడుగవలెను. వచ్చిన దారినే మలమును వెనుకకు పంపుట దీని మర్మము. వంగిన రేకులను వెదురుపుల్లతో మెల్లగా సరిచేయవలెను. ఇనుప కుంచెతో రుద్దరాదు.

కడిగినను పోనిది ఉప్పుపొర. ఇచ్చటనే మేము తప్పిన చోటు. ఒకరి మాట విని, స్నానపుగది కడుగు ఘాటైన ఆమ్లము పోసితిమి. పొర కరగినది, దానితో అతుకుల మాటును కరగి రెండు చోట్ల నీరు కారజొచ్చెను. చింతపండుతో బిందెను తోము మా యింటి ఇల్లాలు అది విని, “పులుపు చాలుచోట నిప్పేల పోసితిరి?” అనెను. నలువది యేండ్లు పాఠము చెప్పిన నాకు అది మంచి పాఠమయ్యెను.

ఉచితమైన మందు నిమ్మఉప్పు. లీటరు గోరువెచ్చని నీటికి సుమారు 50 గ్రాములు కలిపి, రెండు గంటలుంచి పారబోసి, వంటసోడా కలిపిన నీటితో ఒకసారి, మంచినీటితో పలుమారులు కడుగవలెను. అటుపై రెండు కొనలను బిగించి తొట్టినీటిలో ముంచి, సైకిలు పంపుతో కొంచెము గాలి యెక్కింపవలెను. బుడగలు లేచుచోటు చిల్లు. అచ్చట సీసము తగరము కలిపిన మాటు పెట్టవలెను. ఆ మిశ్రమము ఇన్నూఱు డిగ్రీల లోపుననే కరగజొచ్చును. రాగి వేయి డిగ్రీలు దాటినగాని కరగదు. కావున నేర్పరి చేతిలో గొట్టములు చెడవు. మా కారునకు ఒక వృద్ధకంచరి మాటు పెట్టినాడు.

యంత్రము లోపలి నీటిదారులను గూడ కడుగుట మరువరాదు. లేనిచో అచ్చటి బురద వారము దినములలో రేడియేటరునకు తిరిగి వచ్చును. రబ్బరు గొట్టములు క్రొత్తవి వేయవలెను. తుదకు శుద్ధజలము సగము, తుప్పును నివారించు కూలెంటు సగము పోయవలెను. కూలెంటు తియ్యగా నుండు విషము. పిల్లలకును కుక్కలకును అందనీయరాదు.

ఇంత శ్రమ యేల, క్రొత్త రేడియేటరు కొనరాదా యని కొందరందురు. 2021వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము, ఏబదియేండ్లు దాటి, మూలరూపము చెడని స్వంత వాహనములను వింటేజి వాహనములుగా నమోదుచేయు నియమము చేసినది. పాత భాగము నిలిచినకొలది బండి విలువ నిలుచును. పాలమూరునకు మహబూబ్‌నగరమను పేరు వచ్చుటకు కారకుడైన ఆరవ నిజాము తెప్పింపబూనిన 1912వ నాటి రోల్స్ రాయిస్ కారు హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున చూపఱకు నేటికిని దర్శనమిచ్చుచున్నది. 1911లో మరణించిన ఆ ప్రభువు దాని నెక్కనేలేదు. మా వైద్యుని కారు మాత్రము ఎందఱినో ఎక్కించుకొన్నది. రెండును కాపాడదగినవే.

నెల గడువున పని ముగిసెను. ఆ కారులోనే ఆసుపత్రికి పోయి పుట్టిన నా కుమార్తె దానిలో మొదట కూర్చుండెను. నల్లగొండవరకు పోయి వచ్చితిమి. వేడిముల్లు నడుమనే నిలిచెను. దారిలో అదే బావి కనబడెను. నేను దిగి నీరు త్రాగితిని గాని, కారునకు పోయలేదు.

సెలవు.