అనుకరణమను అపవాదము

తెలుగు నవలలను గూర్చి చదువరులలో నొక యపవాదము చిరకాలముగ వ్యాపించియున్నది. మంచి నవల యొకటి వెలువడినతోడనే, ఇది యే పాశ్చాత్య గ్రంథమునకు ఛాయ యని ప్రశ్నించుట విద్యావంతులకు వాడుక యైనది. ఆ ప్రశ్నకు సమాధానము దొరికినచో, గ్రంథమును జదువవలసిన శ్రమ తప్పినదని తలంచువారును గలరు. ఈ తీర్పు న్యాయమా యని విచారింతము.

ఈ యపవాదము మన తొలి నవలలతోడనే పుట్టినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878లో రచించిన రాజశేఖర చరిత్రమునకు, గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన "వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్" దారి చూపినమాట నిజమే. పంతులుగా రా సంగతిని దాచనులేదు. కాని బంగారము చేసి యిచ్చెదనని నమ్మించి సొమ్ముతో బాఱిపోయిన బైరాగిని వారు వేక్‌ఫీల్డునుండి తెచ్చుకొనిరా? శకునముల పిచ్చియు, దయ్యముల భయమును గోదావరి యొడ్డునున్న ధవళేశ్వరపు టిండ్లలో లేకయే యుండెనా? ఆ నవలను హచిన్సను "ఫార్చ్యూన్స్ వీల్" అను పేరున నాంగ్లీకరింపగా 1887లో లండను నగరమున బ్రకటింపబడినది. అది వట్టి నకలే యైనచో, ఆంగ్లేయులకు దానిని మరల నాంగ్లమున జదువవలసిన యక్కఱ యేమి?

ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి మాట వేఱు. కారాగారమున రూపొంది 1922లో వెలువడిన యా గ్రంథమునకు ప్రేరణ యేదని వెదకవలసిన పని లేదు. గాంధీ మహాత్ముని యుద్యమమును, రుష్యా విప్లవపు వార్తలును గ్రంథకర్త మనస్సును గదల్చిన మాట వాస్తవము. అయినను కథకు ప్రాణము పోసినది మన పల్లెల వెలుపలనున్న వాడయే. కూలివారి పక్షమున నిలిచి భూస్వామి చేత హతుడైన సంగదాసును జూచి, మద్రాసు ప్రభుత్వము భయపడి పుస్తకమును నిషేధించెను. పరదేశపు గ్రంథమునకు నీడ మాత్రమే యైన కథకు ప్రభుత్వము లేల వెఱచును?

తరువాతి తరము నవలలను జూతము. నవీన్ గారి అంపశయ్య 1969లో వెలువడినది. ఒక్క దినములో కథను ముగించి, మనస్సులోని యాలోచనల ప్రవాహమునే కథగా నడపు పద్ధతి జాయిసు 1922లో ప్రకటించిన యులిసెస్ వలన లోకమున బ్రసిద్ధి కెక్కినది. పద్ధతి యచ్చటిదే. కాని ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములో కలత నిదురనుండి మేల్కొనిన రవి తెలంగాణా పల్లెనుండి వచ్చిన బీద విద్యార్థి. వాని దిగులు డబ్లిను నగరపు దిగులు గాదు.

డాక్టరు కేశవరెడ్డిగారి "అతడు అడవిని జయించాడు" నవలను జదివినవారు హెమింగ్వే 1952లో ప్రకటించిన వృద్ధుని సముద్రపు కథను తలంపక మానరు. అచ్చట చేపకొఱకు, ఇచ్చట తప్పిపోయిన యాడుపందికొఱకు నొక ముదుసలి ఒంటరిగ బోరాడును. సామ్య మంతటితో సరి. ఆ జాలరి పట్టుటకై పోయెను. ఈ కాపరి తాను పెంచినదానిని ఇంటికి దెచ్చుకొనుటకై పోయెను. అది వేటగాని పట్టుదల, ఇది పెంచినవాని మమకారము. చిత్తూరు సీమలో బుట్టి, డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యము చేయుచు గాలము గడపిన రచయితకు ఆ మమకారము పుస్తకములవలన దెలియవలసిన దెట్లు? వారే రచించిన "మూగవాని పిల్లనగ్రోవి"లో, భూమిని గోల్పోయియు దానిని విడువజాలని బక్కిరెడ్డి గలడు. భూవసతిగల మన పాఠకులెల్లరు నా నవలను దప్పక చదువదగును. ఋణముల వలన నేల చేతులు మాఱుట వారెఱుగని విషయము గాదు.

ఇటీవలి రచయితలు మఱింత లోతుగ ద్రవ్వుచున్నారు. బండి నారాయణస్వామిగారి శప్తభూమి 18వ శతాబ్ది యనంతపుర సీమను గథావస్తువుగ గైకొని, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును బొందినది. మధురాంతకం నరేంద్రగారి మనోధర్మపరాగము దేవదాసీ కుటుంబముల సంగీతకళను, వారి కష్టములను జెప్పి 2022లో నదే గౌరవము నందినది. వీనికి మూలము లేవి? ఊరి శాసనములు, వృద్ధుల నోటిమాటలు, మఱుగుపడిన మనుష్యుల బ్రతుకులు.

కావున విమర్శకుడు వేయవలసిన ప్రశ్న, ఈ రూప మెవరినుండి వచ్చెననునది గాదు, ఈ దుఃఖ మెవరిదనునది. నాగలి యే యూరి వడ్రంగి చేసినను, పంట మన నేలదే యగును. నేల లేనివానికి నాగలి యెంత మంచిదైనను ఫలమేమి? నిజమైన యనుకరణము రూపమును గైకొనుటలో లేదు, చెప్పుటకు దన బ్రతుకేదియు లేకుండుటలో నున్నది. అట్టి నవలలు నేడును మనలో వెలువడుచునే యున్నవి. వానిని నిరాకరింపుడు. కాని యపవాదమునే ప్రమాణముగ గైకొని మంచి గ్రంథములను జదువక త్రోసివేయుచున్నచో, ఆ గ్రంథములలోని మనుష్యులను, అనగా మన యిరుగుపొరుగు వారినే, త్రోసివేసినవార మగుదుము.