గెంతే గింజల్లో ఉన్నదేమిటి? అపోహలు – వాస్తవాలు

మెక్సికో వాయవ్య భాగంలోని సొనోరా, చివావా రాష్ట్రాల కొండవాలుల్లో ఒక పొద పెరుగుతుంది. దాని కాయలు నేలరాలాక వాటంతటవే కదులుతాయి. ‘మెక్సికన్ జంపింగ్ బీన్’ పేరుతో వీటిని పిల్లల ఆటవస్తువుగా అమ్ముతారు. బీన్ అన్నారు కనుక చిక్కుడు జాతి గింజ అనుకోవడం మొదటి పొరపాటు. ఈ పొద ఆముదం కుటుంబానిది. ఆముదం కాయలాగే దీని కాయలోనూ మూడు గదులుంటాయి. ఎండితే మూడు ముక్కలవుతుంది. అమ్మకానికి వచ్చే ‘గింజ’ అందులో ఒక ముక్క.

కదలిక గింజది కూడా కాదు. సిడియా సాల్టిటాన్స్ అనే చిన్న రెక్కల పురుగు లేత కాయల మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు కాయలోకి తొలుచుకుపోయి గింజను తినేస్తుంది. ఖాళీ అయిన గదికి లోపల పట్టుదారంతో అస్తరు వేసుకుంటుంది. ఆ దారాన్ని కాళ్లతో పట్టుకుని ఒంటిని విదిలిస్తే కాయ పొర్లుతుంది, కుదుపుతో ముందుకు జరుగుతుంది. గెంతడమన్నది పేరుకే. పెంకుకు చిన్న కన్నం పెడితే పురుగు దాన్ని కూడా పట్టుతో పూడ్చుకుంటుంది.

ఎండలో పెడితే ఉత్సాహంగా ఆడుతుందన్న మాట వినడానికి బాగుంటుంది. అది ఆట కాదు, ప్రాణభయం. ఎండలో ఎక్కువసేపు ఉంటే పురుగు మాడిపోతుంది, అందుకే ఆ పెనుగులాట. అయితే నీడ ఎటుందో తెలుసుకుని అటే వెళ్తుందన్నదీ నిజం కాదు. 2023లో వెలువడిన ఒక భౌతికశాస్త్ర అధ్యయనం ప్రకారం దాని నడకకు దిశ ఉండదు. అయినా అలా తోచినట్టు తిరిగే నడకే, ఆలస్యంగానైనా, నీడ దొరికే అవకాశాన్ని పెంచుతుంది.

కదలడం మానేసిన కాయలో పురుగు చచ్చిందనుకుని పారేస్తారు. కానీ అది చల్లదనానికి మందగించి ఉండవచ్చు, లేదా ప్యూపా దశకు చేరి ఉండవచ్చు. ఆ దశకు ముందే అది చేసుకునే ఏర్పాటు గొప్పది. రెక్కలొచ్చాక నమిలే దవడలుండవు కనుక, అవి ఉన్నప్పుడే పెంకులో గుండ్రటి మూత కోసి పెట్టుకుంటుంది. వసంతంలో ఆ మూతను నెట్టుకుని బయటికొస్తుంది. ఆపై బతికేది కొద్ది రోజులే.

కదిలే కాయను నాటితే మొలుస్తుందన్న ఆశ కూడా వృథాయే. మొలవాల్సిన గింజ పురుగుకు ఎప్పుడో ఆహారమైపోయింది.